సార్‌కు సఫేది, నాకు జర్దీ

ఆగస్టు 18, సోమవారం

రిపోర్టు వచ్చింది. ఎల్‌డీఎల్, అంటే చెడ్డ కొలెస్ట్రాల్, 171. జనవరిలో 104 ఉండేది.

స్రవ్య అత్తాపూర్ నుంచి స్కూటీ మీద వచ్చి, రెండంతస్తుల మెట్లెక్కి, గుమ్మంలోనే కూలబడి, ఆయాసపడుతూ కాగితం చదివింది. ముప్పై నాలుగేళ్ల పిల్ల. బరువు తగ్గమన్నాను.

"నా ముచ్చట కాదు బాపూ, నీ ముచ్చట. ఏం తింటున్నవ్ చెప్పు."

"అన్నం."

"మరి గీ కవర్లేంది?"

మిర్చి బజ్జీల కవరు, సమోసాల కవరు, బేకరీ డబ్బా. కూతురు సాక్ష్యాలను వరసగా గట్టు మీద పేర్చింది. పోలీసు ఉద్యోగానికి పనికొచ్చేది.

"అమ్మ ఫిబ్రవరిల పోయింది. నీ పరేజు, పథ్యం గూడ అమ్మతోనే పోయిందా? మాత్రన్న ఏసుకుంటున్నవా?"

"వేసుకుంటున్న."

తర్వాత వంటింటి అలమారా తలుపు తెరిచి అలాగే నిలబడిపోయింది. తలుపు లోపలి వైపు పెన్సిల్‌తో రాసిన నా అంకెలున్నాయి. 2014 జనవరి, 189 మొదలుకొని ఆరు నెలలకొకటి చొప్పున ఇరవై మూడు. అన్నీ మా ఆవిడ విమల రాతే. పోపుడబ్బా అందుకున్నప్పుడల్లా కంటబడాలని అక్కడ రాసేది. 171 కూడా రాస్తానని స్రవ్య పెన్సిల్ కోసం వెతికింది. వద్దన్నాను. అది ఆమె తలుపు.

మాత్ర వేసుకున్నాను.

ఆగస్టు 19, మంగళవారం

డైటీషియన్ ఎవరో స్రవ్య ఫోనుకు ఆహార నియమాల కాగితం పంపిందట. తెలుగులో ఉంది అన్నారు. ఉంటే బాగుండేది.

"ఓట్స్‌తో మీ ఉదయాన్ని ప్రేమించండి." "పీచు పదార్థమును స్నేహితుడిగా చేసుకొనుడి." "నూనెను తెలివిగా కలవండి." ముప్పై రెండేళ్లు ఆఫీసులో ఇతరుల డ్రాఫ్టులు దిద్ది సూపరింటెండెంట్‌గా రిటైరయ్యాను. ఇంత పనికిమాలిన పేజీ నా టేబుల్ మీదికి ఎన్నడూ రాలేదు. ఎర్ర పెన్ను తీశాను. పంతొమ్మిది తప్పులు. శీర్షికలోనే ఒకటి: "గుండుకు మేలు చేసే ఆహారం."

బోడిగుండుకు మేలు చేసే ఆహారం ఏదో, కాగితమంతా వెతికినా దొరకలేదు. ఫోటో తీసి తిరిగి పంపాను.

స్రవ్య ఫోన్ చేసింది. "బాపూ, నిన్ను తిను అన్నరు గని దిద్దు అన్లే."

మాత్ర వేసుకున్నాను.

ఆగస్టు 21, గురువారం

ఓట్స్. గోడలకు పోస్టర్లంటించే మైదా ముద్ద దీనికంటే మేలు. దానికి కనీసం ఒక ప్రయోజనం ఉంది.

ఆగస్టు 24, ఆదివారం

కింది వాటా కృష్ణయ్య నడకకు లాక్కుపోయాడు. ఫిబ్రవరి నుంచి నేను నడక మానేశాను. ఎందుకని అతను ఒక్కసారీ అడగలేదు. ఆ ఒక్క మర్యాదకు వెంట వెళ్లాను.

తోవ పొడవునా వైద్యం చెప్పాడు. పరగడుపున నాలుగు వెల్లుల్లి రెబ్బలు. నానిన మెంతులు. అవిసె గింజల పొడి. వాళ్ల బామ్మర్దికి దాల్చినచెక్క నీళ్లతో నలభై రోజుల్లో అరవై తగ్గిందట.

"నీకెంతుంది?" అన్నాను.

"నాకెందుకుంటది సార్? నేను చూపించుకోను. చూపించుకుంటేనే ఉంటది."

ఇంతటి తర్కశాస్త్రం డిగ్రీలో నాకెవరూ చెప్పలేదు. నడక ముగించి బండి దగ్గర ఆగి వెన్న దోశ చెప్పాడు. నేను చూస్తుంటే నొచ్చుకున్నాడు.

"నడిచినం గద సార్. చెల్లుకు చెల్లు." రెండు ముక్కలు తిన్నాక అన్నాడు: "వదినమ్మ ఉండంగ మీ పరేజు మస్తు నడిచింది. గడియారమోలె."

నేను ఇంటికి వచ్చేశాను.

ఆగస్టు 27, బుధవారం

చవితి. ఏడాది నిండలేదు కాబట్టి మాకు పండుగ లేదు. కృష్ణయ్య భార్య కుడుములు పంపింది. ఆవిరి మీద ఉడికినవి కాబట్టి తినొచ్చని స్రవ్య ఫోనులో తీర్పు చెప్పింది.

ధూల్‌పేట్ నుంచి పొద్దంతా విగ్రహాలు వస్తూనే ఉన్నాయి. అన్నిటికీ పొట్టే. ఇన్ని యుగాలు నూనె తగలని కుడుములు తిన్న దేవుడికే తగ్గలేదు. నాకు తగ్గాలట.

మాత్ర వేసుకున్నాను.

సెప్టెంబర్ 1, సోమవారం

గుడ్లకు వెళ్లాను. నాకు తెల్లసొన మాత్రమే. 2014లో డాక్టరు వేసిన శిక్ష. గల్లీ మలుపులో ఇశ్రాయేలు షాపు. ఫిబ్రవరి తర్వాత అటు వెళ్లడం ఇదే.

"నమస్తే సార్. ట్రేనా?"

"ఆరు చాలు."

"ఆరేనా! అమ్మ ఉన్నప్పుడు పదిహేను దినాలకొక ట్రే పోతుండె." లెక్కపెట్టి కవర్లో పెడుతూ తనలో తాను నవ్వుకున్నాడు. "అమ్మ మస్తు మజాక్ చేస్తుండె సార్. ఒకపారి అడిగిన, అమ్మా, సార్ ఒక్కరే గిన్ని గుడ్లు తింటరా అని. 'సార్‌కు సఫేది, నాకు జర్దీ. మా ఇంట్ల గట్లనే పంపకమైంది' అన్నది. తాఖతంత జర్దీలనే ఉంటది, పంపకంల మీకే లాభమమ్మా అన్న నేను."

తెల్లసొనను ఆమె సఫేది అని, పచ్చసొనను జర్దీ అనే అనేది. పుట్టింది, పెరిగింది ఈ కిషన్‌బాగ్‌లోనే. రోజూ పొద్దున రెండు గుడ్లు ఉడకబెట్టి, తెల్లవి నా ప్లేటులో పెట్టి, జర్దీలు రెండూ పొయ్యి దగ్గర నిలబడే తినేది, ఉప్పూ మిరియాల పొడీ చల్లుకుని. కూర్చుని తినగా చూడలేదు. పారెయ్యమని ఒకసారి చెప్పాను. "తిండి పారేస్తరా ఎవరన్న? కండ్లు పోతయి" అంది.

నా పాల మీది మీగడ కూడా అంతే. నేను వద్దన్న వేపుడు, నా పప్పులో పడకుండా మిగిలిన నెయ్యి. నా పథ్యం కాదన్నదంతా ఆమె పళ్లెంలోకి వెళ్లింది.

పదకొండేళ్లు. రోజుకు రెండు.

సెప్టెంబర్ 2, మంగళవారం

ఎనిమిది వేల ముప్పై.

సెప్టెంబర్ 4, గురువారం

స్రవ్య ఆఫీసుకు వెళ్తూ జొన్నరొట్టె, గోకరకాయ కూర పెట్టి వెళ్లింది. కూరలో నూనె ఉందని నిరూపించాలంటే ప్రయోగశాలకు పంపాలి. మా నాయనమ్మ గతిలేక తిన్న జొన్నరొట్టె ఇప్పుడు రంగు కవర్లో ఆరోగ్యమనే పేరుతో వస్తోంది. ఆమె ఉంటే నవ్వి చచ్చేది. గోకరకాయ అన్నా గోరుచిక్కుడన్నా, పశువులకు కూడా రెండో పూట పెట్టరు.

తిన్నాను.

మాత్ర వేసుకున్నాను.

సెప్టెంబర్ 10, బుధవారం

స్రవ్య, నేను డైటీషియన్ దగ్గరికి వెళ్లి వచ్చాము. రాయడానికేమీ లేదు.

మాత్ర వేసుకున్నాను.

సెప్టెంబర్ 11, గురువారం

రాస్తాను.

పేరు కీర్తిప్రియ. ఇరవై ఆరేళ్లుంటాయి. కొవ్వు ఎలా ఉంటుందో చూడండని పసుపుపచ్చని ప్లాస్టిక్ ముద్ద ఒకటి చేతికిచ్చింది. చూశాను. ప్లాస్టిక్ లాగా ఉంది. నా ఎర్ర సిరా కాగితాన్ని మాత్రం గోడకు అంటించుకుంది. "నేను రాసింది కాదంకుల్, ఫోనే తెలుగుల మార్చింది" అని నవ్వింది. ఆ నవ్వుతో కొంచెం ఇబ్బంది పడ్డాను.

"పెద్ద పెద్ద కథలేం లేవంకుల్. పప్పులు, శనగలు, బొబ్బర్లు, కూరగాయలు పెంచుర్రి. బయట నూనెల ఏగినవి, బేకరీవి బంద్. నెయ్యి, మీగడ, డాల్డా తగ్గించుర్రి. దినాం పిడికెడు పల్లీలు. ఓట్స్ నచ్చకపోతే ఇడిసిపెట్టుర్రి, జొన్నరొట్టె ఉండనే ఉంది."

"గుడ్డు?"

"వారానికి మూడు నాలుగైతే మీకు నేను వద్దనను."

"తెల్లసొన."

"పూర్తి గుడ్డే. జర్దీని ఊకెనే గంత విలన్ చేసిర్రు. అవి పాత సలహాలు."

పాత సలహాలు. శిక్ష పూర్తయ్యాక కేసు కొట్టేసినట్టు చెప్పింది.

"రోజుకు రెండు, పదకొండేళ్లు తింటే మనిషి పోతుందా?" అని అడిగాను.

స్రవ్య నా వైపు తిరిగింది. కీర్తిప్రియ నవ్వబోయి, నా ముఖం చూసి మానేసింది.

"గుడ్డు మీద గట్ల పెట్టలేమంకుల్. ఒక్కొక్కరి రక్తం ఒక్కో తీరు. కొందరికి అమ్మ నుంచో నాయన నుంచో వస్తది, ఏం తినకున్నా ఉంటది. ముందుగాల నంబరు తెలవాలె." పెన్ను తీసింది. "ఆంటీది ఎంతుండె?"

నా ఒళ్లో లావుపాటి ఫైలు ఉంది. ఇరవై మూడు రిపోర్టులు, తారీఖుల వరసలో. అన్నీ నావే.

రక్తం తీసుకోవడానికి ప్రేమ్‌రాజ్ అనే ల్యాబ్ మనిషి ఇంటికి వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా అడిగేవాడు. "అమ్మా, మీది గూడ తియ్యాల్నా? ఇద్దరికి కలిపి ప్యాకేజీ ఉంది." ఆమె వంటింట్లోంచే జవాబు చెప్పేది. "నాకేమైతది? గుండులెక్క ఉన్న." ఇరవై మూడుసార్లు అడిగాడు. నేను ఒక్కసారీ అడగలేదు.

గుండుకూ గుండెకూ ఒక్క అచ్చే తేడా. ముప్పై రెండేళ్లు అచ్చుతప్పులు పట్టి జీతం తీసుకున్నాను.

ఫిబ్రవరి 20 కూడా రాస్తాను. పొద్దున రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని గ్యాస్ పట్టిందంది. ఈ ఊళ్లో రొమ్ములో ఏది నొచ్చినా దాని పేరు గ్యాసే. వాము నమలమని చేతిలో పోశాను. బీఎస్సీ చదివినవాణ్ని. తర్వాత నడకకు వెళ్లాను. డాక్టరు నలభై అయిదు నిమిషాలు చెప్పాడు కాబట్టి నలభై అయిదు నిమిషాలూ నడిచాను. నా గుండె కోసం. తిరిగి వచ్చేసరికి తెల్లసొనలు ప్లేటులో, మూత కింద ఉన్నాయి. జర్దీలు రెండూ గిన్నెలో అలాగే ఉన్నాయి. ఆమె పొయ్యి పక్కన నేల మీద ఉంది.

అంతకు రెండు నెలల ముందు నుంచి మెట్లెక్కితే ఆయాసమంటూనే ఉంది. బరువు తగ్గమన్నాను.

ఈ పది రోజులూ దోషి గుడ్డనుకున్నాను. గుడ్డయితే బాగుండేది.

సెప్టెంబర్ 14, ఆదివారం

మాసికం. స్రవ్య తెల్లవారేసరికి వచ్చి పొయ్యి ముట్టించింది.

"అమ్మకు ఏమిష్టం బాపూ? ఇస్తార్ల అదొకటి పెడదాం."

నాకిష్టమైనవి పది చెప్పగలను. పదీ ఆమె చేసినవే. ఆమెకు ఏది ఇష్టమో ఆలోచిస్తే, నేను వదిలేసినవన్నీ గుర్తొచ్చాయి. పిల్ల గరిట పట్టుకుని ఎదురుచూస్తోంది.

"గోకరకాయ" అన్నాను.

మేడ మీద విస్తరి పెట్టాము. కాకి వచ్చి, గోకరకాయను ముక్కుతో పక్కకు నెట్టి, గారె ఎత్తుకుపోయింది. ఆమె కూడా అదే పని చేసేదేమో. ముప్పై ఆరేళ్ల కాపురం. కాకిపాటి సమాచారం నా దగ్గర లేదు.

మాత్ర వేసుకున్నాను.

సెప్టెంబర్ 17, బుధవారం

ఆఫీసుకు ముందు స్రవ్య వచ్చింది. పేపరు చదువుతూ నీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లాను. పొయ్యి దగ్గర నిలబడి ఉంది. ఒక చేతిలో మిరియాల డబ్బా, రెండో చేతిలో సగం కొరికిన జర్దీ.

"ఏం తింటున్నవ్?"

"జర్దీ. సఫేది నీ ప్లేట్ల పెట్టిన, పో, తిను."

"పూర్తి గుడ్డు తినొచ్చన్నది గద ఆ పిల్ల."

"నూట డెబ్బై ఒకటి పెట్టుకొని పూర్తి గుడ్డా? ముందుగాల నీది దిగనీ. గీవి పారేస్తమా ఏంది? కండ్లు పోతయి."

మెట్లెక్కిన ఆయాసం ఇంకా తగ్గలేదు. మాట మధ్యలో ఊపిరి తీసుకుంటోంది.

"నీ రక్తం చూపించు" అన్నాను.

"నాకేమైతది బాపూ? గుండులెక్క ఉన్న."

గిన్నె లాక్కున్నాను. రెండో జర్దీ నేల మీద పడి చితికింది. నేను అరవగా స్రవ్య ఎప్పుడూ వినలేదు, నేనూ వినలేదు.

"ఏమైంది నీకు? గుడ్డు కోసం గింత లొల్లా?"

"గుడ్డు కోసం కాదు."

స్రవ్య బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది. నేల తుడిచాను. జర్దీ మరక సులభంగా పోదు.

సెప్టెంబర్ 18, గురువారం

సాయంత్రం అత్తాపూర్ వెళ్లాను. అల్లుడు అనురాగ్ తలుపు తీసి, నన్ను చూసి, మా ఇద్దరినీ వదిలి వంటింట్లోకి వెళ్లాడు. తెలివైనవాడు. ఇంతకాలం గమనించలేదు.

స్రవ్యకు చెప్పాను. ఆ పొద్దున వాళ్లమ్మ గ్యాస్ పట్టిందన్నదని. వాము ఇచ్చి నడకకు పోయానని. అమ్మ ఉన్నట్టుండి పడిపోయిందనే పిల్ల ఇన్నాళ్లూ అనుకుంది. నేనే అలా చెప్పాను.

లేచి టీవీ ఆపేసింది. తర్వాత, "కొద్దిసేపు నా దిక్కు చూడకు బాపూ" అంది.

గోడ దిక్కు చూశాను. అనురాగ్ చాయ్ తెచ్చాడు. "మామయ్యా, చక్కెర ఎయ్యలేదు." ఇంత నీచమైన చాయ్ నా జన్మలో తాగలేదు. మొత్తం తాగాను.

లేచి గుమ్మం దాటుతుంటే వెనక నుంచి అంది: "సోమారం ప్రేమ్‌రాజ్‌ను రమ్మను. ఇద్దరికి."

సెప్టెంబర్ 22, సోమవారం

ఏడు గంటలకు ప్రేమ్‌రాజ్ వచ్చాడు. "సార్, ఇయ్యాల ఇద్దరా?" అని వంటింటి వైపు చూశాడు. అలవాటు.

సూది దిగేటప్పుడు స్రవ్య కళ్లు మూసుకుని నా చొక్కా పట్టుకుంది. తర్వాత ఫారం నింపింది. తల్లి: గుండె జబ్బు, అవును. తల్లి కొలెస్ట్రాల్: తెలియదు.

ఫారం తీసుకుని "తెలియదు" కొట్టేశాను. "పరీక్ష చేయించలేదు" అని రాశాను. డ్రాఫ్టు సరిగా ఉండాలి. "తెలియదు"లో ఎవరి తప్పూ ఉండదు.

స్రవ్య చదివింది. ఫారం ప్రేమ్‌రాజ్‌కు ఇచ్చింది.

సెప్టెంబర్ 23, మంగళవారం

నాది 168. స్రవ్యది 196.

ఫోనులో అంకెను వేళ్లతో పెద్దది చేసి చూసింది. తర్వాత, "బాపూ, నిన్ను ఓడగొట్టిన" అంది. గురువారం డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. ఆయాసం సంగతి ఆయనకు నేనే చెప్తాను. పిల్లను చెప్పనిస్తే గ్యాస్ అంటుంది.

అలమారా తలుపు తెరిచాను. విమల రాసిన వరస కింద 171, 168 రాశాను. నా రాత ఆమె రాత కంటే అధ్వానం. పక్కన స్రవ్య పేరు రాసి 196 వేశాను. ఆ పక్కన విమల అని రాశాను. పేరు కింద పెన్సిల్ ఆనించి నిలబడ్డాను. చాలాసేపటికి స్రవ్య వచ్చి నా చేతిలోంచి పెన్సిల్ తీసుకుంది.

రెండు గుడ్లు ఉడకబెట్టాను. చెరొకటి, జర్దీతో సహా. స్రవ్య అలవాటు చొప్పున ప్లేటు తీసుకుని పొయ్యి దగ్గర నిలబడింది. కుర్చీ జరిపాను. "కూసొని తిను" అన్నాను. కూర్చుని తిన్నది.

ఓట్స్ మీద నా అభిప్రాయం మారలేదు.

ఇప్పుడే ఈ డైరీ వెనక్కి తిప్పి చూశాను. "మాత్ర వేసుకున్నాను" అని ఆరుసార్లు రాసి ఉంది. ఆరూ అబద్ధాలు. భోజనమయ్యాక నీళ్ల గ్లాసు పక్కన మాత్ర ఆమె పెట్టేది. పెట్టే చెయ్యి పోయిన నాటి నుంచి ఒక్కటీ వేసుకోలేదు. ఎవరూ చదవని డైరీలో కూడా దొంగ రాతలు రాసే మనిషి, ఊళ్లోవాళ్ల తెలుగు దిద్దాడు.

స్రవ్య వెళ్లే ముందు గ్లాసులో నీళ్లు పోసి, మాత్రల డబ్బా తెరవబోయింది. వద్దన్నాను. డబ్బా ఎక్కడుందో నాకు తెలుసన్నాను.

మాత్ర వేసుకున్నాను.